ముగ్గురికి నాలుగు కంచాలు

చదివేవాళ్ళకి ముందుగా ఒక మనవి. నేను అమలాపురంలో ముప్ఫై ఒక్కేళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. దయ్యాల మీద నాకు కోపం లేదు, భయం లేదు, అసలు పరిచయమే లేదు. చదువుకునే రోజుల్లో పరీక్షలొస్తే పుస్తకాలు పట్టుకుని మా ఊరి సమాధుల తోటకి వెళ్ళేవాణ్ణి. అది ధైర్యం కాదు. ఊళ్ళో మైకు వినపడని చోటు అదొక్కటే. అన్నేళ్ళలో అక్కడివాళ్ళెవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. నేనూ వాళ్ళనేమీ అడగలేదు.

కాబట్టి కిందటేడు మేం మధ్యధరా సముద్రం చూడ్డానికి వెళ్ళినప్పుడు జరిగింది జరిగినట్టే రాస్తాను. నాకు తోచిన కారణాలు ఎక్కడికక్కడ చెబుతాను. సరిపోని చోట సరిపోలేదని ఒప్పుకుంటాను. పిల్లల రికార్డు పుస్తకాలు దిద్దేటప్పుడు నేను వాళ్ళని అడిగింది కూడా అంతే.

వెళ్ళింది ముగ్గురం. నేను, మా ఆవిడ సుజాత, మా అక్క.

అక్క గురించి కాస్త చెప్పాలి. మా నాన్న తొందరగా పోతే, అమ్మ రాజోలు దగ్గర మా ఊళ్ళో ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి మమ్మల్ని పెంచింది. అక్కకి పెళ్ళైన నాలుగేళ్ళకే బావ కామెర్లతో పోయారు. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా అక్క కువైటు వెళ్ళింది. ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్ళు వంట చేసింది. నా ఎమ్మెస్సీ ఆ వంటే. నా ఉద్యోగం, నా ఇల్లు, చివరికి నా కళ్ళజోడు కూడా ఆ వంటే. ఇప్పుడు తనకి అరవై ఎనిమిది. మా వీధిలోనే చిన్న ఇల్లు తీసుకుని ఉంటుంది.

అక్క వండింది తినని చుట్టం మాకు లేడు. అక్క తింటుండగా చూసిన చుట్టం కూడా లేడు. చిన్నప్పుడు అందరి తిండీ అయ్యాక అమ్మా, అక్కా చివర్న ఒకే కంచంలో తినేవారు. అక్క కువైటులో ఉండగానే అమ్మ పోయింది. ఆ ఇంటివాళ్ళు సెలవిచ్చేసరికి పదకొండు నెలలు పట్టింది. అక్క వచ్చేసరికి సమాధి మీద గడ్డి కూడా మొలిచేసింది. అప్పటినుంచి తను నిలబడే తింటుంది. వంటింటి గట్టుకి ఆనుకుని, గిన్నెలోనే నాలుగు ముద్దలు. నేను కోప్పడితే ఎప్పుడూ ఒకటే మాట.

"కూర్చుంటే ముద్ద దిగదురా."

ఈ ప్రయాణం పెట్టుకున్నది అందుకు. ఊళ్ళో కూర్చోని మనిషి ఊరు దాటితే కూర్చుంటుందేమోనని ఆశ. ఈ పన్నెండు రోజుల్లో ఒక్క పూటైనా అక్క కుర్చీలో కూర్చుని, వేరేవాళ్ళు వడ్డిస్తుంటే, మొదటినుంచి చివరిదాకా లేవకుండా తినాలని నేనూ సుజాతా అనుకున్నాం. రోము, నేపుల్సు లాంటివి దారిలో వస్తాయి కాబట్టి అవీ చూస్తాం. విమానంలో అక్క కూర్చునే తింది గానీ, బెల్టు కట్టి ఉంచారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మాది ముప్ఫై మంది తెలుగువాళ్ళ బృందం. నడిపించింది పద్మజ గారని హైదరాబాదు ఆవిడ. రోజూ సాయంత్రం మన భోజనమే పెడతామని కాగితం మీద రాసిచ్చారు. అక్క మొదటిరోజే దాన్ని కొట్టిపారేసింది. ఇంత దూరం వచ్చి పప్పు తినడమేంటి, ఇక్కడి వంటవాళ్ళ చెయ్యి ఎలా ఉందో చూడొద్దా అంది. తినదు గానీ రుచి మాత్రం చూస్తుంది. వంటమనుషుల పద్ధతి అది.

అలా రోములో మొదటి సాయంత్రం మేం ముగ్గురం బస వెనక సందులో ఒక చిన్న హోటల్‌కి వెళ్ళాం. వడ్డించే అతను వచ్చి నాలుగు కంచాలు పెట్టాడు. నాలుగు గ్లాసుల్లో నీళ్ళు పోశాడు. బల్ల నాలుగు కుర్చీలది, అలవాటు కొద్దీ పెట్టాడనుకున్నాను. మూడు వేళ్ళు చూపించాను. అతను నాలుగో కుర్చీ వైపు ఒకసారి చూసి, నాకు మర్యాదగా తల ఊపి, ఏమీ తియ్యకుండా వెళ్ళిపోయాడు.

అక్క రెండు చెంచాలు రుచి చూసింది. వెల్లుల్లి మాడనివ్వలేదని మెచ్చుకుంది. మేం సగం తింటుండగానే లేచి, ఖాళీ అయిన పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి వంటగది వైపు బయల్దేరింది. వడ్డించే అతను వెనకాలే పరిగెత్తాడు. ఇద్దరూ గుమ్మం దగ్గర పళ్ళేలు చెరోవైపూ పట్టుకుని కాసేపు నిలబడ్డారు. చివరికి అక్కే గెలిచింది.

మర్నాడు ఊరు చూశాం. ఆ మర్నాడు బస్సులో తీసుకెళ్ళి నేపుల్సు దగ్గర, అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాత పట్నం చూపించారు. అందరూ గోడల మీద బొమ్మలు ఫొటోలు తీసుకుంటుంటే, అక్క రెండువేల ఏళ్ళ కిందటి పూటకూళ్ళ కొట్టు దగ్గర ఆగిపోయింది. రాతి అరుగులో కుండలు పాతేసి ఉన్నాయి. కింద నిప్పు పెట్టే చోటుంది. అక్క వంగి, తొంగి చూసి, మన పెళ్ళిళ్ళ గాడిపొయ్యికీ దీనికీ తేడా లేదని తేల్చింది. గైడు చెప్పినదానికంటే అదే బాగుందని పక్కనున్న మా బృందంలో డాక్టరు గారొకరు రాసుకున్నారు. నేను వింటూ పక్కనే నిలబడ్డాను. అక్కడ నేను చెయ్యడానికి అంతకంటే పనేం లేదు.

నేపుల్సులో పిజ్జా తిన్నాం. గోడ పక్క బల్ల, దానికి మూడే కుర్చీలు. వడ్డించే అమ్మాయి మమ్మల్ని చూసి, పక్క బల్ల దగ్గర్నుంచి నాలుగో కుర్చీ లాక్కొచ్చి వేసింది. నాలుగో కంచం పెట్టింది. దాంతో కుర్చీల సిద్ధాంతం పోయింది.

సుజాత నా మోకాలు తట్టింది. నేను రెండో సిద్ధాంతం చెప్పాను. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా ఒకరు వెనకబడతారు, ఆ సంగతి వీళ్ళకి అనుభవం మీద తెలుసు అని. సుజాత ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరు. సరే అంది గానీ నమ్మలేదు. అక్క మాత్రం ఆ నాలుగో కంచం వైపు ఒకసారి చూసింది. తన ముక్క చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరికెళ్ళి, వీధి చూస్తూ నిలబడి తింది.

ఆ సాయంత్రమే ఓడ ఎక్కాం. ఓడంటే నేనేదో అనుకున్నాను. అది పద్నాలుగు అంతస్తుల ఊరు. అక్క మాత్రం కంగారు పడలేదు. చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కితే ఇంతకంటే ఎక్కువ ఊగేదనీ, పైగా అందులో గేదెలుండేవనీ గుర్తుచేసింది.

భోజనాల హాల్లో ఎవరి బల్ల వాళ్ళకి ముందే రాసిపెట్టారు. మా బల్ల మీద నాలుగు పేర్ల కార్డు ఉంది. నా పేరు, సుజాత పేరు, అక్క పేరు. నాలుగోది మార్తమ్మ. మా ఇంటిపేరుతో సహా.

మార్తమ్మ మా అమ్మ.

దీనికి మాత్రం కారణం దొరికింది. పద్మజ గారిని అడిగితే ఫోన్లో వాళ్ళ ఆఫీసువాళ్ళని కనుక్కుని చెప్పారు. పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరుంటుంది కదా. నా దాంట్లోనూ, అక్క దాంట్లోనూ ఒకే పేరు కనపడేసరికి, భోజనాల జాబితా రాసే అబ్బాయి నాలుగో మనిషి కూడా ఉందనుకున్నాడు. టిక్కెట్టు లేదు, గది లేదు, వీసా అంతకంటే లేదు. భోజనం మాత్రం ఉంది. అలా మా వంశంలో పాస్‌పోర్టు లేకుండా ఐరోపా వెళ్ళిన మొదటి మనిషి మా అమ్మ అయింది.

నాకు చాలా హాయిగా అనిపించింది. కారణం దొరికితే నాకెప్పుడూ అలాగే ఉంటుంది. పద్మజ గారు నొచ్చుకుంటూ, ఇప్పుడే ఆ పేరు తీయించేస్తానన్నారు. అప్పుడు అక్క ఆ కార్డు మీద చెయ్యి వేసింది.

"ఉండనివ్వండమ్మా. మా అమ్మ పేరు ఒక్కసారీ అచ్చులో చూళ్ళేదు."

నిజమే. పాస్‌పోర్టు చివరి పేజీ వదిలేస్తే, అమ్మ పేరు అచ్చులో ఉండాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. సమాధి రాయి మీద చెక్కించాం గానీ అది అచ్చు కాదు.

మా బల్లకి వడ్డించే ఆయన ఫిలిప్పీన్స్ మనిషి, నడివయసు, చాలా నెమ్మది. ఆ పూట ఆయన నాలుగో కుర్చీ వెనక్కి లాగి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ముందుకి జరిపాడు. ఎవరైనా కూర్చుంటే చేసే పని అది. కంచం పక్కన గుడ్డ మడత విప్పి ఒళ్ళో వేసినట్టు కుర్చీ అంచున వేశాడు. అక్క రెప్ప వెయ్యకుండా చూసింది. తర్వాత లేచి తన రొట్టె తీసుకుని పైకెళ్ళి, కటకటాలకి ఆనుకుని సముద్రం చూస్తూ తింది. ఆ పూటా అనుకున్నది జరగలేదు.

సిసిలీలో ఒక పూట ఆగాం. అక్కడ వంకాయని పులుపూ తీపీ కలిపి వండుతారు. అక్క రుచి చూసి, వండినావిడ ఎవరో గానీ మా ఊళ్ళో అయితే పెళ్ళిళ్ళకి తీరిక దొరికేది కాదు అంది. వీధిలో అన్నం ఉండలు నూనెలో వేయిస్తుంటే మూడు వేళ్ళు చూపించాను. అతను నాలుగు కట్టిచ్చాడు. అతని దగ్గర జాబితా లేదు, కార్డు లేదు, మా పాస్‌పోర్టులు అతను చూడలేదు. సుజాత కూడా మోకాలు తట్టడం మానేసింది. అక్క ఆ నాలుగో ఉండని కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది. తర్వాత దాన్ని ఏం చేసిందో నేను అడగలేదు.

తర్వాతి రోజు మాల్టా. ఇక్కడ అక్క గురించి కాస్త గొప్ప చెప్పుకుంటాను, ఏమీ అనుకోవద్దు.

మాల్టా భాష అరబ్బీకి దగ్గరి చుట్టం. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. ఓడ దిగి ఒక చేపల రేవుకి వెళ్ళాం. రంగురంగుల పడవలు, వాటి ముక్కుల మీద రెండేసి కళ్ళు గీసి ఉన్నాయి. ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ పక్కవాడితో ఏదో అన్నాడు. అక్క నవ్వింది. ఆయన ఏమన్నాడని సుజాత అడిగింది. మనలో ఒకాయన టోపీ గురించి, అది చెప్పకూడదు అంది. తర్వాత తను కువైటు అరబ్బీలో ఆయన్ని పలకరించింది. ఆయన వల పక్కన పెట్టేసి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ సగం సగం అర్థం చేసుకుంటూ పావుగంట చేపల గురించి మాట్లాడుకున్నారు.

మా బృందంలో ఒక రిటైర్డ్ చీఫ్ ఇంజినీరు గారున్నారు. రోములో అక్కని, కువైటులో మీరేం చేసేవారండీ అని అడిగి, జవాబు విన్నాక ఇంకేమీ అడగని మనిషి. ఆయన ఇప్పుడు దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మగారూ, ఇక్కడ మంచి చేప ఎక్కడ దొరుకుతుందో కాస్త కనుక్కుని పెడతారా?"

"ఆయ్, కనుక్కున్నానండీ. నా వెనకాల రండి," అంది అక్క.

ముప్ఫై మంది తెలుగువాళ్ళు, అందులో ఇద్దరు డాక్టర్లు, ఒక చీఫ్ ఇంజినీరు, మా అక్క వెనకాల వరసగా నడిచారు. నేను కావాలనే చివర్న నడిచాను. అక్కణ్ణుంచైతే మొత్తం కనపడుతుంది.

వల ముసలాయన చెప్పిన చోటు నీళ్ళ ఒడ్డున ఒక ఇల్లు. కింద భోజనశాల, పైన కాపురం. నడిపేది డెబ్భై ఏళ్ళ ఒక పెద్దావిడ, నల్ల గౌను, చేతులకి పిండి. గుమ్మంలో నిలబడి అందర్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మా ముగ్గురి బల్ల దగ్గరికి వచ్చి నాలుగు కంచాలు పెట్టింది. పెట్టి, ఖాళీ కుర్చీ చూసి, అక్కని ఏదో అడిగింది. అక్క ముఖం పాలిపోయింది.

ఏమందని అడిగాను. అక్క ఖాళీ కుర్చీ వైపే చూస్తోంది. అప్పుడా ఇంటావిడే నా వైపు తిరిగి, తేటగా, ఇంగ్లీషులో మళ్ళీ అడిగింది. నాకు అర్థమైంది మన భాషలో ఇది:

"మీ అమ్మగారు ఇంకా లోపలికి రాలేదేం? వెనక వైపు వెళ్ళారు. ముందునుంచి రమ్మన్నాను. నవ్వి, కాళ్ళు చూపించారు. మోకాళ్ళ దాకా బురద. సరేనని దొడ్లో కుళాయి చూపించాను."

ఇక్కడ నేను ఆగి ఒక సంగతి చెప్పాలి. అమ్మ కూలికి వెళ్ళే రైతు ఇంట్లో మధ్యాహ్నం అన్నం దొడ్డి వైపు పెట్టేవారు. కుళాయి దగ్గర ఊడ్పుల బురద కడుక్కుని, పశువుల సావిడి పక్కనుంచి వెళ్ళి, అక్కడే తిని రావాలి. వీధి గుమ్మంలోంచి రావద్దని ఎవరూ చెప్పేవారు కాదు. చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

నేను అమలాపురంలో ఇల్లు కట్టుకున్నాను. టేకు తలుపు పెట్టించాను. కొత్తింటి ప్రార్థన రోజు ముందు హాల్లో మా ప్రిన్సిపాల్ గారు, లెక్చరర్లు భోజనాలకి కూర్చున్నారు. అమ్మ ఊళ్ళో పొద్దున్న ఊడ్పు ముగించుకుని, బస్సెక్కి వచ్చింది. వచ్చి వెనక్కి వెళ్ళి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, పెరటి వరండాలో ఆకు వేసుకుని కూర్చుంది. హాల్లోంచి నాకు కనపడింది. ముందుకి రమ్మని పిలవచ్చు. వీళ్ళు వెళ్ళాక పిలుద్దాం అనుకున్నాను. వీళ్ళు వెళ్ళేసరికి అమ్మ తినేసి గిన్నెలు కడుగుతోంది. ఈ సంగతి నేను అక్కకి ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఇల్లు కట్టిన డబ్బు పంపిన మనిషికి చెప్పే సంగతి కాదది.

మాల్టాలో అక్క లేచి, ఇంటావిడ వెనకాలే వంటగదిలోంచి దొడ్లోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. నాలుగడుగుల దొడ్డి, తెల్లటి రాతి గోడలు, పక్కసందులోకి ఒక చిన్న తలుపు. మూల కుళాయి. మనుషులెవరూ లేరు.

కుళాయి సన్నగా కారుతోంది. కింద రాయి తడిగా ఉంది. నీళ్ళు పోయే కన్నం దగ్గర బురద పేరుకుంది.

సాక్ష్యం అని నేను చెప్పగలిగింది ఇదొక్కటే కాబట్టి సరిగ్గా చెబుతాను. మాల్టా నేల సున్నపురాయి నేల. మట్టి ఎక్కడ చూసినా లేత పసుపు, ఆరిపోయి పొడిపొడిగా ఉంటుంది. అక్కడ నేను చూసిన బురద నల్లటి ఒండ్రు. వేలితో తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాను. జిగురుగా సాగింది. ఆ వాసన నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఆషాఢంలో మా ఊరి చేలగట్టు మీద నిలబడిన ఎవరికైనా తెలుస్తుంది. చిటికెడు రుమాల్లో మూట కట్టుకుని రావాల్సింది. ముప్ఫై ఒక్కేళ్ళు ప్రయోగాలు చేయించినవాడికి ఆ పాటి తోచాలి. తోచలేదు. కుళాయి తిప్పి చెయ్యి కడిగేసుకున్నాను.

అక్క ఆ సందు తలుపు వైపే చూస్తోంది. నా వైపు తిరక్కుండానే అంది.

"నువ్వు పిలు. ఆ రోజు నేను లేను కదా."

ఏ రోజని నేను అడగలేదు. తనకి ఎవరు చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మకి రాయడం రాదు.

మా బృందంవాళ్ళు వంటగది గుమ్మం దాకా వచ్చి చూస్తున్నారు. అరవై రెండేళ్ళ ఫిజిక్స్ మాస్టారు ఖాళీ దొడ్లో నిలబడి గట్టిగా మాట్లాడ్డం వాళ్ళకి మంచి కాలక్షేపమే. అయినా పిలిచాను.

"అమ్మా, ముందునుంచి రా. అందరం నీకోసమే చూస్తున్నాం."

అక్క సందు తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఆ సందు ఇద్దరు పట్టేంత వెడల్పే. అక్క గోడకి ఒక పక్కగా జరిగి, రెండోపక్క చోటు వదిలి, చాలా నెమ్మదిగా నడిచింది. తను మామూలుగా అలా నడవదు. నేను వంటగదిలోంచి అడ్డంగా వచ్చి వీధి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్క వీధివైపు నుంచి వచ్చింది. గుమ్మంలో తను ఆగింది, ఒక అడుగు వెనక్కి వేసింది, తర్వాత లోపలికి వచ్చింది. గుమ్మం పక్క బల్ల దగ్గరున్న చీఫ్ ఇంజినీరు గారు లేచి నిలబడి దారిచ్చారు. ఎందుకు లేచారని తర్వాత అడిగాను. పెద్దావిడ వస్తున్నారు కదండీ అన్నారు. అక్క కూడా పెద్దావిడే. కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోను.

ఇంటావిడ నాలుగు గిన్నెల్లో చేపల చారు పోసింది. టమాటా, వెల్లుల్లి, పుదీనా, అడుగున కాస్త అన్నం. నాలుగో గిన్నె ఖాళీ కుర్చీ ముందు పెట్టి, చెంచా ఆ వైపుకి తిప్పింది. అక్క పక్క కుర్చీలో కూర్చుంది. చెంచా తీసుకుంది. తింది.

చింతపండు మరిచిపోయేరు, మిగతాదంతా కుదిరింది అంది. చారు మళ్ళీ పోయించుకుంది. రొట్టె వచ్చింది, వేయించిన చేప వచ్చింది, కుందేలు మాంసం వచ్చింది. అక్క లేవలేదు. ఖాళీ పళ్ళేలు ముందుంటే వాటి వైపైనా చూళ్ళేదు. ఇంటావిడ వచ్చి తీసుకుంటుంటే తియ్యనిచ్చింది. గంటా పది నిమిషాలు. నేను వాచీ చూశాను, అది లాబ్ అలవాటు. ఆ గంటా పది నిమిషాలూ నేనేం తిన్నానో నాకు గుర్తు లేదు. చెరువు గట్టు తెగి నీళ్ళొస్తుంటే చూసినట్టు అక్క తినడం చూస్తూ కూర్చున్నాను.

నాలుగో గిన్నెలో చారు తగ్గిందని సుజాత అంటుంది. నేను అటు చూళ్ళేదు. సుజాత చెప్పాల్సింది సుజాతే చెప్పుకోవాలి.

ఆ సాయంత్రం ఓడలో భోజనానికి వెళ్ళాం. కార్డు మీద నాలుగు పేర్లూ అలాగే ఉన్నాయి. బల్ల మీద మాత్రం మూడే కంచాలున్నాయి. నాలుగో కుర్చీ తీసి గోడకి చేర్చారు. నేను ఫిలిప్పీన్స్ ఆయన్ని పిలిచి, ఏమైందని అడిగాను. ఆయన మామూలుగా జవాబిచ్చాడు.

"పెద్దమ్మగారు ఇందాక వచ్చి చెప్పారు సార్. తను తినేశారట, ఇంక పెట్టొద్దన్నారు."

ఏ భాషలో చెప్పారని అడిగాను. ఆయన నోరు తెరిచాడు. ఆలోచించాడు. చేతిలో నీళ్ళ జగ్గు పట్టుకుని అలాగే చాలాసేపు ఆలోచించి, క్షమించండి సార్, గుర్తు రావడం లేదు అన్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషిలా నాకు కనిపించలేదు. ఓడకి తిరిగొచ్చినప్పట్నుంచీ అక్క మా పక్కనే ఉంది.

అక్క అది విని తల ఊపింది. రొట్టె ఇంకొకటి వెయ్యమని చెప్పమంది.

తర్వాత గ్రీకు దీవులు చూశాం. ఎండు చేపల్లా తాళ్ళ మీద ఆరేసిన ఆక్టోపస్‌ని అక్క చాలా గౌరవంగా చూసింది. ఏథెన్సులో కొండెక్కాం. ఎక్కడా మాకు నాలుగో కంచం పెట్టలేదు. మూడు వేళ్ళు చూపిస్తే మూడే వచ్చాయి.

ఇప్పటికి నేను తేల్చింది ఇంతే. పాస్‌పోర్టు చివరి పేజీ ఓడలో కార్డుకి సరిపోతుంది. రోముకి సరిపోదు, నేపుల్సుకి సరిపోదు, సిసిలీలో అన్నం ఉండల మనిషికి సరిపోదు. కుళాయి కింద బురదకి ఏదీ సరిపోదు. ఈ మధ్య మా కాలేజీలో జియాలజీ తెలిసిన మిత్రుడొకాయన్ని అడిగాను. మాల్టాలో అలాంటి మట్టి ఉండే వీలు లేదన్నాడు. ఎందుకు అడుగుతున్నావన్నాడు. ఊరికే అన్నాను. ఎన్నిసార్లు కూర్చుని ఆలోచించినా నా దగ్గర ఉన్న జవాబు ఆ ఊరికేనే.

తిరిగొచ్చిన మొదటి ఆదివారం. చర్చి అయ్యాక నేనూ సుజాతా ఇంటికొచ్చాం. సుజాత వంటింట్లో కోడికూర తిరగేస్తోంది. వీధి తలుపు చప్పుడైంది. అక్క. చెప్పులు గుమ్మం ముందు విప్పి, హాల్లోంచి నడిచి, బల్ల దగ్గర మొదటి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకా ఎవరూ కూర్చోలేదు. బల్ల మీద ఏమీ పెట్టలేదు.

"వడ్డించు సుజాతా. ఆకలేస్తోంది."

అరవై ఎనిమిదేళ్ళ మా అక్క నోట ఆకలి అన్న మాట నేను వినడం అదే మొదలు.